పెరటిలో ఈత కొలను – గుత్తేదారు ఎంపికలో కొన్ని మెలకువలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ రెండు కార్యాలనూ జయప్రదంగా ముగించి, ఉద్యోగ విరమణానంతరం అండమాన్‌లో స్థిరపడిన మా పూర్వ సహోద్యోగి ఒకరు కొన్ని సంవత్సరాల క్రిందట మూడవ సాహసానికి పూనుకొన్నారు. ఇంటి పెరటిలో ఈత కొలను కట్టించాలన్నది ఆయన సంకల్పం. నాకంటే పెద్దవారగుటచే వారిని నేను అన్నగారని సంబోధిస్తాను. "నలుగురు గుత్తేదార్లు నాలుగు విధాలుగా చెబుతున్నారు. నువ్వొకసారి వచ్చి చూసి పోవాలి తమ్ముడూ" అని ఆయన ఫోను చేయగా, వారం రోజులు సెలవు పెట్టి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాను. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పట్టణమే అది. అక్కడ నేర్చిన విషయాలు సొంత ఇల్లు కట్టుకొనే మన సంస్థ ఉద్యోగులకు ఉపకరించగలవన్న ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఈత కొలను మనలో ఎందరు కట్టుకొంటారని సందేహించనవసరం లేదు. భూమిలో కట్టే నీటి తొట్టె ప్రతి ఇంటికీ ఉంటుంది. రెండింటికీ సూత్రం ఒక్కటే.

చుట్టూ సముద్రం ఉండగా కొలను ఎందుకన్న ప్రశ్న సహజం. నేనూ అదే అడిగాను. 2004 డిసెంబరు 26 నాటి భూకంపమూ, సునామీ ఆ ద్వీపవాసుల మనస్సులలో చెరగని ముద్ర వేశాయి. ఆనాటి నుండి తమ పిల్లలకు ఈత వచ్చి తీరాలన్న పట్టుదల అన్నగారిది. సముద్రంలో నేర్పుదామంటే అలల భయమే కాక మొసళ్ళ భయం కూడా ఉన్నది. ఆ ద్వీపాల కాలువలలో, మడ అడవులలో ఉప్పునీటి మొసళ్ళు సంచరిస్తాయి. నేటి స్వరాజ్ ద్వీపమైన హేవ్‌లాక్ వద్ద 2010 ఏప్రిల్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. మనుమలకు ఈత నేర్పే నాలుగు గోడల నీరు కావాలని తాతగారు కోరుకోవడంలో విపరీతం ఏమీ లేదు.

నీరు ఎక్కడిది?

నేను వెళ్ళిన రోజుననే, నా కంటే ముందుగా, ప్రక్కింటి గృహిణి ఈ పథకాన్ని సమీక్షించారు. శ్రీకాకుళం ప్రాంతం నుండి ఒక తరం క్రితం వలస వచ్చిన కుటుంబం వారిది. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాలలో పదిమందిలో ఒకరికి మించి తెలుగు మాతృభాషగా గలవారే. ఆమె గోడ అవతల నిలబడి, "అన్నయ్యగారూ, మాకు కుళాయి నీళ్ళు రేపు వస్తాయో ఎల్లుండి వస్తాయో తెలీదు. మీ కొలనుకి నీళ్ళెక్కడివండీ?" అన్నారు. అన్నగారి ముఖం చిన్నబోయింది. ఆమె మాటలో అసూయ లేదు, న్యాయం ఉన్నది.

పట్టణానికి ప్రధాన జలాధారం 1973లో నిర్మించిన ధనిఖరి ఆనకట్ట. ఆ ప్రాంతంలో సాలీనా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అయితే జనవరి నుండి ఏప్రిల్ వరకు వానలు బహు స్వల్పం. కొండవాలు నేలలు కావడంతో కురిసిన నీటిలో అధిక భాగం సముద్రం పాలవుతుంది. అందుచేతనే అంతటి వర్షపాతం గల చోట కూడా వేసవిలో కుళాయి నీరు దినం విడిచి దినం, ఒక్కొక్క ఏడు మరింత ఎడంగా సరఫరా అయిన సందర్భాలున్నాయి.

అన్నగారి మొదటి ఊహ 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు గల కొలను. అనగా 75,000 లీటర్లు. పిల్లలకు ఈత నేర్పడానికి ఇంత అవసరం లేదని చెప్పి, 6 మీటర్లు, 3 మీటర్లు, 1.2 మీటర్ల కొలతలకు ఒప్పించాను. దీని పరిమాణం 21,600 లీటర్లు. పట్టణవాసి ఒకరికి దినానికి 135 లీటర్లన్న ప్రమాణం ప్రకారం నలుగురు గల కుటుంబానికి ఇది సరిగా 40 రోజుల నీరు. దానిని కుళాయి నుండి గాని, ట్యాంకరు నుండి గాని నింపరాదని ఆనాడే నిర్ణయించుకొన్నాం. ఇంటి పైకప్పు వైశాల్యం 100 చదరపు మీటర్లు. పడిన వానలో నూటికి 80 పాళ్ళు పట్టుకొనగలిగినా సంవత్సరానికి 2,40,000 లీటర్లు లభిస్తాయి. కొలను నిండడానికి 270 మిల్లీమీటర్ల వర్షం చాలు. ఋతుపవనాల కాలంలో ఇది ఒక్క నెల పని.

వాన నీటితో కొలను నింపడం ఆ ద్వీపాలలో అవసరం నేర్పిన పాఠం. పట్టణానికి ఎదురుగా ఉన్న రాస్ ద్వీపం (2018 నుండి నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపం) ఆంగ్లేయుల పాలనా కేంద్రంగా ఉండేది. నేడు అక్కడి శిథిలాలలో అధికారుల ఈత కొలనూ కనిపిస్తుంది, నీటిని కాచి శుద్ధిచేసిన బాయిలరు యంత్రశాలా కనిపిస్తుంది. విలాసానికి ముందు జలాధారాన్ని ఆలోచించక తప్పదని ఆ రెండు కట్టడాలూ చెబుతున్నట్లు నాకు తోచింది.

మూడు ధరల పత్రాలు

అన్నగారి వద్ద మూడు ధరల పత్రాలు ఉన్నాయి. మొదటిది అన్నింటిలోకి తక్కువ మొత్తం. ఒకే కాగితం, ఒకే అంకె. ఇటుక గోడ కట్టి, సిమెంటు పూత పూసి, పలకలు అతికిస్తారట. సగం సొమ్ము ముందుగా చెల్లించాలి. రెండవది చెన్నై నుండి ఓడలో తెప్పించే ఫైబర్‌గ్లాసు తొట్టె. పని త్వరగా ముగుస్తుంది. మూడవది ఉక్కు చువ్వల కాంక్రీటుతో కట్టే కొలను. ధర అన్నింటికంటే ఎక్కువ.

మొదటి ఇద్దరూ స్థలం చూసి కొలతలు తీసుకొని వెళ్ళిపోయారు. మూడవ ఆయన ఉత్తరాంధ్ర నుండి యువకుడిగా వచ్చి, మేస్త్రీ పని నుండి గుత్తేదారుగా ఎదిగినవాడు. అతడు స్థలమంతా తిరిగి, ప్రక్క బావిలోకి తొంగిచూసి అడిగిన ప్రశ్న ఇది: "బాబూ, శ్రావణంలో ఈ బావిలో నీళ్ళు ఎంత పైకొస్తాయి?"

నా దృష్టిలో ఆ ఒక్క ప్రశ్నతోనే ఎంపిక పూర్తయింది. ధరల పత్రంలోని అంకె పని చివర ఎలాగూ మారుతుంది. పని మొదట గుత్తేదారు అడిగే ప్రశ్న అతని అనుభవాన్ని తెలుపుతుంది. ఇటుక గోడ నీటి ఒత్తిడికి గాని, భూకంపానికి గాని ఓర్చుకోలేదు. 2016 నాటి ఐ.ఎస్. 1893 ప్రమాణంలో అండమాన్, నికోబార్ దీవులు ఐదవ భూకంప మండలంలో చేర్చబడ్డాయి. 1941 జూన్ 26 నాటి భూకంపంలోనూ, 2004లోనూ ఆ ద్వీపాలు ఎంత కదిలినవో తెలిసిందే. 2004లో పట్టణ పరిసరాలలో నేల సుమారు ఒక మీటరు క్రుంగగా, సిప్పీఘాట్ వద్ద సాగుభూములు సముద్రపు నీటిలో మునిగాయి. అట్టి నేలపై అడుగూ గోడలూ ఏకఖండంగా పోసిన కాంక్రీటు పెట్టె తప్ప మరొకటి నమ్మదగినది కాదు.

ఖాళీ తొట్టె తేలుతుంది

ఇక బావి ప్రశ్న సంగతి. నీటితో నిండిన కొలనుకు ప్రమాదం తక్కువ. ఖాళీ కొలనుకే ప్రమాదం. చుట్టూ భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు ఖాళీ తొట్టె పడవ వలె తేలడానికి ప్రయత్నిస్తుంది. ఇది పుస్తక జ్ఞానం కాదు. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో, ఒక తీరప్రాంతపు నిర్మాణ స్థలంలో, భూమిలోని నీటి తొట్టెను శుభ్రం చేయించే నిమిత్తం వర్షాకాలంలో ఖాళీ చేయించాను. మరునాటి ఉదయానికి దాని ఒక మూల జానెడు ఎత్తున లేచి, గొట్టాలన్నీ విరిగి ఉన్నాయి. ఆ తప్పు పూర్తిగా నాదే. ఆనాటి నుండి ఏ తొట్టె చూసినా మొదట దాని బరువు లెక్కవేయడం అలవాటయింది.

అన్నగారి కొలనుకూ లెక్క కట్టాను. అడుగు పలక, గోడలు 200 మిల్లీమీటర్ల మందం, గోడ ఎత్తు 1.35 మీటర్లు అనుకొంటే కాంక్రీటు దాదాపు 9.4 ఘనపు మీటర్లు, బరువు సుమారు 23.6 టన్నులు. నేల మట్టం వరకు నీరు పైకి వచ్చినప్పుడు పైకెత్తే బలం సుమారు 33.7 టన్నులు. అనగా పది టన్నుల లోటు. భూగర్భ జలం నేలకు అర మీటరు దిగువకు చేరేసరికే ఖాళీ తొట్టె కదలడానికి సిద్ధమవుతుంది. దీనికి మార్గాలు మూడు. అడుగు పలకను గోడల వెలుపలకు పొడిగించి, దానిపై పడే మట్టి బరువును వినియోగించుకోవడం మొదటిది. అడుగున ఒత్తిడి తగ్గించే కవాటం అమర్చడం రెండవది. ఆ కవాటం బయటి నీటిని లోనికి రానిస్తుందే గాని లోపలి నీటిని బయటకు పోనివ్వదు. ప్రక్కనే ఒక చిన్న గుంత త్రవ్వి నీరు తోడే ఏర్పాటు ఉంచుకోవడం మూడవది. మేము మూడింటినీ అనుసరించాం. ఫైబర్‌గ్లాసు తొట్టె బహు తేలిక గనుక దానికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ. రెండవ ధరల పత్రంలో దీని ఊసే లేదు.

ఇసుక, సిమెంటు, చువ్వలు

ద్వీపంలో ప్రతి సామగ్రి వెనుక ఒక ఓడ ఉంటుంది. సముద్రతీరాన కాళ్ళ క్రింద ఇసుక ఉన్నదని ఆశపడరాదు. షేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల ఆధారంగా 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు అక్కడి తీరపు ఇసుక తవ్వకం దశలవారీగా తగ్గించబడింది. తీరాలను కాపాడే ఆ చట్టాన్ని సాంకేతిక శాస్త్రం కూడా సమర్థిస్తుంది. సముద్రపు ఇసుకలోని ఉప్పు చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ లావై కాంక్రీటును చీలుస్తుంది. అందువలన రాతిని పిండిచేసిన ఇసుకనే వాడాలని ఒప్పందంలో వ్రాయించాం.

కాంక్రీటులో కలిపే నీరు కూడా పరీక్షింపదగినదే. చువ్వలు గల కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదని ఐ.ఎస్. 456 నిర్దేశిస్తున్నది. సముద్రపు గాలి తగిలే చోట ఎం 30 శ్రేణికి తగ్గని కాంక్రీటు, 0.45కు మించని నీరు–సిమెంటు నిష్పత్తి, చువ్వలపై 45 మిల్లీమీటర్ల కప్పు ఉండాలి. మేస్త్రీలు కలపడం సులువవుతుందని నీరు ఎక్కువ పోస్తారు. కొలను కారడానికి మొదటి బీజం అక్కడే పడుతుంది. సిమెంటు సంచిపై తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఓడ ప్రయాణం, గిడ్డంగి నిల్వ, తేమ గాలి కలిసి సిమెంటు బలాన్ని హరిస్తాయి. మూడు మాసాలు దాటిన సంచిని పరీక్షించకుండా వాడనీయరాదు.

ఒప్పందంలో ఉండవలసినవి

మొదటి ధరల పత్రం వలె ఒకే అంకెతో ఉన్న ఒప్పందం వివాదానికి మూలం. పని పూర్తయిన పిమ్మట కంటికి కనిపించని వాటినే ఒప్పందంలో అత్యంత స్పష్టంగా వ్రాసుకోవాలి. రంగు పలకలు నచ్చకపోతే మార్చవచ్చు. గోడలోని చువ్వను మార్చలేం. చువ్వల వ్యాసం, వాటి మధ్య దూరం, కాంక్రీటు శ్రేణి, అతుకుల వద్ద నీటిని అడ్డగించే పట్టీ, గోడ పోయకముందే గొట్టాలు అమర్చడం, కనీసం పదునాలుగు రోజులు నీరు పట్టడం, ఇవన్నీ వ్రాయించాం. చువ్వలు కట్టిన తరువాత యజమాని చూసి సంతకం చేయనిదే కాంక్రీటు పోయరాదన్న నిబంధన చేర్చాం. పురపాలక అనుమతి, స్థలం తీరానికి దగ్గరైతే 2019 నాటి ద్వీప తీర నియంత్రణ ప్రకటనకు లోబడి ఉన్నదో లేదో చూసుకొనే బాధ్యత యజమానిదని స్పష్టపరిచాం.

చెల్లింపుల విషయంలో మాత్రం చిక్కు వచ్చింది. త్రవ్వకానికి, కాంక్రీటుకు జనవరి నుండి ఏప్రిల్ వరకు అనుకూలం. అప్పుడు బావి నీరు దిగువన ఉంటుంది. కాని కొలను నింపి పరీక్షించడానికి నీరు ఉండదు. వాన వచ్చే వరకు పరీక్ష జరగదు గనుక నూటికి 30 వంతులు ఆపుతామని అన్నగారు ప్రతిపాదించారు. గుత్తేదారు కొంతసేపు మౌనంగా ఉండి, "బాబూ, వాన నా చేతిలో లేదు. కూలీలకి మాత్రం శనివారం ఇవ్వాలి. నా పని తప్పయితే ఆపండి, మేఘం రాలేదని ఆపకండి" అన్నాడు.

సంస్థలో మూడు దశాబ్దాలుగా బిల్లుల నుండి సొమ్ము ఆపే వైపు కూర్చున్న నాకు ఆ మాట సూటిగా తగిలింది. చివరకు ఈ విధంగా కుదిరింది. బయానా 10, అడుగు పలకకు 25, గోడలకు 25, గొట్టాలు, మోటారు అమర్చి లోపలి పూత ముగిశాక 20, పరీక్షలో నెగ్గి చుట్టూ మట్టి పూడ్చాక 10, ఒక వర్షాకాలం గడిచాక మిగిలిన 10 పాళ్ళు. పరీక్ష నిమిత్తం ఆపినది పదవ వంతు మాత్రమే. యజమాని భద్రత పేరిట గుత్తేదారు చేత అప్పు చేయిస్తే, ఆ వడ్డీని అతడు సిమెంటులోనే రాబట్టుకొంటాడు. ఒప్పందం ఇరువురికీ న్యాయంగా ఉంటేనే కట్టడం నిలుస్తుంది.

పరీక్ష – ఒక బకెట్టు సాక్ష్యం

మే మాసంలో తొలి వానలకు కొలను నిండింది. గోడల వెలుపలి మట్టిని పూడ్చకుండా ఉంచి, ఆ కందకంలో చేరే వాన నీటిని ప్రక్క గుంత నుండి తోడిస్తూ వచ్చారు. కాంక్రీటు నీరు పీల్చుకోవడానికి ఏడు రోజులు వదలి, తరువాత ఏడు రోజులు మట్టం కొలిచారు. పైకప్పు గొట్టాన్ని ఈ దినాలలో విడదీసి ఉంచారు. వానా, ఎండా మారుతున్న రోజులలో లెక్క ఎలా తేలుతుందన్న సందేహం రావచ్చు. కొలను మెట్టుపై నీరు నింపిన బకెట్టును ఉంచితే చాలు. పడే వాన, ఆవిరయ్యే నీరు రెండింటికీ సమానం. తేడా వస్తే అది కారుడే.

వారం చివర బకెట్టులో మట్టం 9 మిల్లీమీటర్లు, కొలనులో 37 మిల్లీమీటర్లు తగ్గింది. తేడా 28 మిల్లీమీటర్లు. 18 చదరపు మీటర్లకు ఇది 504 లీటర్ల కారుడు. వెలుపలి గోడ తెరిచి ఉన్నందున తడి మరక వెంటనే కంటబడింది. నీరు వచ్చే గొట్టం చుట్టూ కారుతున్నది. ముందుగా అమర్చవలసిన గొట్టాన్ని పనివారు మరచి, తరువాత గోడను ఉలితో తొలిచి పెట్టారు. గుత్తేదారు వాదించలేదు. ఆ భాగాన్ని చెక్కించి, వెడల్పైన అంచు గల గొట్టం ముక్కను అమర్చి, కుంచించుకుపోని సిమెంటు మిశ్రమంతో నింపించాడు. రెండవ పరీక్షలో బకెట్టూ, కొలనూ ఏకమట్టంగా నిలిచాయి. మట్టి పూడ్చి ఉంటే ఆ కారుడు ఏనాటికీ తెలిసేది కాదు.

శుద్ధి, భద్రత

కొలను కట్టడం ఒకనాటి పని, నీటిని కాపాడడం నిత్యకృత్యం. ఆరు గంటలకు ఒకమారు నీరంతా ఇసుక వడపోత గుండా తిరగడానికి గంటకు 3,600 లీటర్లు తోడే మోటారు కావాలి. నీటిలో స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాములు, పి.హెచ్. 7.2 నుండి 7.8 వరకు ఉండాలి. తాజా బ్లీచింగ్ పౌడరు సుమారు 65 గ్రాములు వేస్తే ఈ కొలనులో క్లోరిన్ ఒక మిల్లీగ్రాము పెరుగుతుంది. తేమకు ఆ పౌడరు త్వరగా నిర్వీర్యమవుతుంది కాబట్టి తక్కువ మోతాదులో కొనుక్కోవడం మేలు. నీరు కదలక నిలిస్తే దోమలకు నిలయమవుతుంది.

అన్నింటినీ మించినది పిల్లల భద్రత. చుట్టూ 1.2 మీటర్లకు తగ్గని కంచె, దానంతట అదే మూసుకొనే గేటు ఉండాలి. మోటారుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును నిలిపివేసే సాధనం తప్పనిసరి. ఈ రెండూ గుత్తేదారుల ధరల పత్రాలలో సామాన్యంగా కనిపించవు. అడిగి చేర్పించుకోవాలి.

గోడ అవతలి నుండి

ఆ మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో కుళాయి నీరు బాగా ఎడమైంది. అన్నగారు మనుమల ఈతను నిలిపివేసి, గోడకు ఒక గొట్టం అమర్చి, ప్రక్కిళ్ళవారికి బట్టలకు, మరుగుదొడ్లకు నీరు ఇచ్చారు. కొలను సగానికి దిగింది. బావి నీరు అప్పుడు లోతున ఉన్నందున తొట్టె తేలుతుందన్న భయం లేదు. ఆనాడు మొదటి ప్రశ్న వేసిన గృహిణి ఇప్పుడు తమ పైకప్పుకూ వాన నీటి గొట్టాలు అమర్చే నిమిత్తం అదే గుత్తేదారును పిలిపించారు.

అన్నగారు ఈ సంగతి ఫోనులో చెప్పి, "పిల్లలు మే నెల కోసం రోజులు లెక్కపెడుతున్నారు తమ్ముడూ" అన్నారు. నిలుపుదల ఉంచిన పదవ వంతు సొమ్మును ఒప్పందం ప్రకారం గుత్తేదారుకు చెల్లించారా అని అడిగాను. డిసెంబరులో వానలు వెనుదిరిగిన వారంలోనే ఇచ్చివేశానని ఆయన సమాధానం. సొంత పనికి గుత్తేదారును కుదుర్చుకొనే మిత్రులు ధరల పత్రంలో ఎంత వ్రాశాడో చూసేముందు, అతడు ఏమి అడిగాడో గుర్తు చేసుకోవాలని నా మనవి. అదే విధంగా, ప్రక్కింటివారు అడిగే ప్రశ్నకు తమ వద్ద సమాధానం ఉన్నదో లేదో కూడా చూసుకోవాలి.